తెలియక పెట్టిన నూనె

బోరా గారు తెచ్చిన కంచు పళ్ళెం వసారాలో బల్ల మీద ఉంది. దానికి పీట లాంటి కాలు, పైన గుడి శిఖరం లాంటి మూత, మూత మీద ఎర్ర అంచు తెల్ల తువ్వాలు. లోపల ఏముందో ఆయన ఇంకా చూపించలేదు. ఎందుకొచ్చారో మాత్రం చెప్పేశారు. చెప్పి అయిదు నిమిషాలైనా సూర్యప్రకాష్ నోరు తెరవలేదు.

ఏమని తెరుస్తాడు? వీధిలో కారు సిద్ధంగా ఉంది. డిక్కీలో పళ్ళ బుట్ట, స్వీట్ల పెట్టె సర్దడం అయిపోయింది. పదకొండు గంటలకి రాజోలులో హారిక అనే పిల్లని చూడటానికి వస్తామని ఆయన వారం కిందట మాటిచ్చాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని, సెంటు కూడా రాసుకున్నాక, గేటు తీసుకుని ఈ అస్సాం దంపతులు వచ్చి, మీ అబ్బాయికీ మా జూరికీ పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందామండీ అని అడిగారు. పెట్టుకుందామా అని కాదు, ఎప్పుడు అని.

బోరా గారు తాటిపాకలో చమురు కంపెనీ ఉద్యోగి. ఎనిమిదేళ్ళుగా అక్కడి క్వార్టర్స్‌లో ఉంటున్నారు. సూర్యప్రకాష్ కొడుకు అనిల్ కుమార్ అక్కడే ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. ఆ రెండు కుటుంబాలకీ పరిచయం అంతవరకేనని ఈ ఉదయం దాకా సూర్యప్రకాష్ నమ్మకం.

బోరా గారు హిందీలో చెబుతుంటే అనిల్ తల వంచుకుని తెలుగు చేస్తున్నాడు. తన పెళ్ళి మాటలు తనే మోసుకు తిరగడం పగవాడికి కూడా రాకూడని ఉద్యోగం. ఆయన చెప్పింది ఇదీ. శ్రావణ శుక్రవారం నాడు మీ ఆవిడ మా పిల్ల తలకి నూనె రాశారు. పాపిట్లో సిందూరం పెట్టారు. బట్ట పెట్టారు. మా వైపు పెళ్ళికొడుకు తల్లి వచ్చి చేసే పని అది. మాకు పెళ్ళికి ముందురోజు చేస్తారు, మీకు చాలా ముందే చేస్తారు కాబోలనుకున్నాం. మర్నాడే జోర్హాట్‌లో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాం. అక్కడ చూసి పెట్టుకున్న సంబంధం వాళ్ళని క్షమించమని అడిగి వద్దనేశాం. రెండున్నర నెలలు మీ కోసం చూశాం. నెలాఖరుకి నా రిటైర్మెంటు. ఒకటో తారీఖున సామాను లారీకెక్కుతుంది.

“మా వైపు పిల్ల తండ్రి అడగడానికి వెళ్ళడండి. నేను వచ్చేను,” అన్న చివరి మాట కూడా అనిల్ తెలుగు చేసి పెట్టాడు.

అందులో గొప్పేమిటో సూర్యప్రకాష్‌కి అర్థం కాలేదు. కోనసీమలో పిల్ల తండ్రి రాక మరెవరొస్తారు? పది గడపలు తిరిగి చెప్పులరగదీసుకుంటేనే కదా ఆడపిల్ల తండ్రి.

“ఆయ్. కూర్చోండి బాబూ. ఇప్పుడే వస్తాను,” అని చాలా మర్యాదగా నవ్వి ఆయన లోపలికి నడిచాడు. ఆ నవ్వు చూడగానే భార్య ఉమాదేవి వెనకే లోపలికి నడిచింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడకి ఆ మర్యాద బాగా తెలుసు. బయట ఎంత మర్యాదో లోపల అంత కోపం ఉంటుంది.

మధ్య గదిలో మంచం మీద ఆయన తల్లి వీరాయమ్మ గారు పడుకుని ఉంది. ఆవిడ నిద్రపోతోందో లేదో ఎవరికీ ఎప్పుడూ తెలియదు.

“ఏం చేసేవు నువ్వు?” అన్నాడు సూర్యప్రకాష్.

“పేరంటం చేసేను.”

అది నిజమే. కాకపోతే నిజంలో సగం. ఆషాఢంలో అనిల్ తల్లి దగ్గర కూర్చుని, చేసుకుంటే జూరినే చేసుకుంటానమ్మా అన్నాడు. భర్తకి చెప్పే ధైర్యం ఉమాదేవికి చాలలేదు. ముందు పిల్లని కళ్ళారా చూడాలనుకుంది. మగపెళ్ళివారుగా తను వెళ్ళి చూడాలంటే ఊరంతా తెలుస్తుంది. అందుకని వరలక్ష్మీ వ్రతం పేరు చెప్పి తల్లినీ కూతుర్నీ పేరంటానికి పిలిచింది. పెళ్ళిచూపుల్ని ఇంటికే పిలిపించుకున్న ఘనత ఐనవిల్లి మండలంలో ఆవిడదొక్కదానిదే అయి ఉంటుంది.

ఆ రోజు వర్షం. ఆటో దిగి గేటు దాటేసరికి జూరి తడిసి ముద్దయింది. నడుం దాటిన జుట్టు. ఉమాదేవి తువ్వాలు తెచ్చి తుడిచింది. తడిజుట్టు చిక్కులు పడితే పీట వేసి కూర్చోబెట్టి, సొంత కాయలు ఆడించిన కొబ్బరి నూనె మాడు మీద పోసి అద్దింది. పాపిట తీసి, జడ అల్లి, కనకాంబరాలు పెట్టింది. ఉమాదేవికి ఆడపిల్లలు లేరు. జడ సగానికి వచ్చేసరికి ఆ పిల్ల మీద ప్రేమ పుట్టిందని ఆవిడే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత పసుపు, గంధం, కుంకుమ. ముత్తయిదువలకి పెట్టీ పెట్టీ అలవాటైన చెయ్యి నుదుట పెట్టి ఆగకుండా పాపిట్లోకి కూడా వెళ్ళింది. పెళ్ళికాని పిల్లకి పాపిట్లో ఏమిటే అని వీరాయమ్మ గారు అప్పుడే అడిగింది. ఏముందిలెండి అత్తయ్య గారూ అని ఉమాదేవి నవ్వేసింది. వెళ్ళేటప్పుడు తల్లికి బండారులంక నేత జాకెట్టు ముక్క, తాంబూలం, శనగలు ఇచ్చింది. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చినట్టే.

ఇప్పుడు ఇదంతా వినే ఓపిక సూర్యప్రకాష్‌కి లేదు. వాళ్ళ భాష మనకి రాదన్నాడు. వాళ్ళ చుట్టాలెవరో మనం ఎరగమన్నాడు. రేపు పురుడంటే రెండు రోజులు రైల్లో కూర్చోవాలన్నాడు. అవేవీ ఆయన బాధ కాదని ఉమాదేవికి తెలుసు. అసలు బాధ చివరికి వచ్చింది.

“రాజోలు వాళ్ళకి నేను మాటిచ్చేను. నా మాట మీద ఆ ఇంట్లో పొద్దున్నుంచీ పొయ్యి వెలుగుతోంది. వెళ్ళి వీళ్ళకి చెప్పు. మా ఇంటికి ఎవరొచ్చినా ఇదే చేస్తామండీ, మీరు పొరపాటు పడ్డారండీ అని చెప్పు. నువ్వు పెట్టేవు, నువ్వే చెప్పు.”

చెబుదామనే ఉమాదేవి వసారాలోకి వచ్చింది. ఆ మాట రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే తర్వాత ఊళ్ళోవాళ్ళు ఆవిడ ముందే అంతా అనుకుని చేసిందన్నారు. అది అబద్ధం. రెండు ముక్కల్లో చెప్పేసి, చేతులు జోడించి, కాఫీ ఇచ్చి పంపేద్దామనే వచ్చింది.

బోరా గారి భార్య రూనూ లేచి నిలబడింది. అప్పుడు చూసింది ఉమాదేవి. ఆవిడ తెల్లటి పట్టు మీద తను పెట్టిన బండారులంక జాకెట్టు కుట్టించుకుని వేసుకొచ్చింది. చేతులకి సన్నటి కుట్టుపని కూడా చేయించుకుంది. రూనూకి వచ్చిన తెలుగంతా కూరగాయల బజారు తెలుగు. ఎంత, తగ్గించు, చాలు. అయినా ఇవాళ్టి కోసం ఒక మాట కష్టపడి నేర్చుకుని వచ్చింది.

“మా పిల్ల మీ పిల్ల, అక్కా.”

ఉమాదేవి నోటి దాకా వచ్చిన రెండు ముక్కలూ అక్కడే ఆగిపోయాయి. కుర్చీలో కూర్చుంది.  చివరికి ఆవిడ కొడుకు వైపు తిరిగి, ఒకవేళ నాకు వాళ్ళ ఆచారం తెలీక పెట్టి ఉంటే ఏమవుతుందో అడగమంది.

అనిల్ అడగలేదు. బోరా గారికి అనువాదం అక్కర్లేకపోయింది. ఎనిమిదేళ్ళు తాటిపాకలో ఉన్న మనిషికి ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది. ఆయన ముఖంలో రంగు మారింది. అయినా గొంతు పెంచలేదు. తువ్వాలు అంచు సరిచేస్తూ నెమ్మదిగా చెప్పారు. ఈసారి అనిల్ మాట మాటా తెలుగు చేశాడు.

“ఏమీ జరగదండి. మేం వెళ్ళిపోతాం. అక్కడ అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాం. జూరి మాత్రం ఇంకెవరి చేతా తలకి నూనె పెట్టించుకోదు. నా పిల్ల సంగతి నాకు తెలుసు.”

అది బెదిరింపైతే ఉమాదేవి తట్టుకునేది. ఆయన పిల్లని తలుచుకుని చెప్పిన మాట అది. అక్కడ కూర్చోలేక లేచి, అనిల్‌ని కళ్ళతోనే పెరట్లోకి రమ్మంది.

పెరట్లో కొబ్బరికాయల రాశి పక్కన నిలబెట్టి, ఈ నూనె సంగతి నీకెప్పుడు తెలుసని అడిగింది. వాడు కాయల్ని లెక్కపెడుతున్నట్టు చూశాడు. ఆ శుక్రవారం సాయంత్రమే జూరి ఫోన్లో అంతా చెప్పిందట. మీ అమ్మకి చెప్పకు, మీ ఇంట్లో పొరపాటున జరిగిందని తెలిస్తే మావాళ్ళు నొచ్చుకుంటారు అందట. వీడికి అంతకంటే పెద్ద ఆలోచన వచ్చింది. నాన్నగారిని తను ఎలాగూ అడగలేడు. ఆ పొరపాటు అలాగే ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళే వచ్చి అడుగుతారు.

ఉమాదేవికి కోపంతో చెవులు వేడెక్కాయి. రెండున్నర నెలలు ఇంట్లో తింటూ, తిరుగుతూ, రాజోలు సంబంధం గురించి తండ్రి మాట్లాడుతుంటే పక్కన కూర్చుని పేపరు చదివాడు. ఆ పెద్దాయన తన ఆచారం విడిచి గుమ్మంలోకి రావాల్సి వచ్చింది ఈ ప్రబుద్ధుడి మూలాన. ఒక్క క్షణం ఆవిడకి దారి దొరికినట్టే అనిపించింది. వీడు ఆడిన నాటకం ఇదండీ అని బయట చెప్పేస్తే తప్పు వీడి మీదకి పోతుంది. తను బయటపడుతుంది. భర్త కూడా శాంతిస్తాడు.

కానీ ఆ నూనె రాసినప్పుడు వీడు ఇంట్లో లేడు. ఆ చెయ్యి తనది. ఆ ప్రేమా తనదే.

“నువ్వు నోరిప్పాల్సిన చోట నా చెయ్యి వాడుకున్నావురా,” అంది ఉమాదేవి. “సరే. ఇప్పుడు నీ నోరు నువ్వే వాడు. నాన్నగారితో రాజోలు వెళ్ళు. ఆ పిల్ల తండ్రికి ఎదురుగా నిలబడి నీ నోటితో నువ్వు చెప్పు. పిల్లని పిలిపించి కూర్చోబెట్టకముందే చెప్పు. వాళ్ళేం పాపం చేసేరు?”

వాడు ఏదో అనబోయాడు. ఆవిడ వినడానికి ఆగలేదు.

వంటింట్లోకి వెళ్ళి నూనె సీసా తీసింది. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తీసింది. రెండూ చేతి సంచిలో వేసుకుని మధ్య గదిలోకి వచ్చేసరికి సూర్యప్రకాష్ చేతిగడియారం చూసుకుంటున్నాడు. చెప్పేవా అని అడిగాడు.

“లేదండి. చెప్పను.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఆ ఇంట్లో అంత చిన్న వాక్యం ఉమాదేవి నోట ఎప్పుడూ రాలేదు. ఆవిడ చెప్పదలుచుకోనివి పదేసి వాక్యాల్లో చెప్పకుండా ఉండేది.

“తెలీక పెట్టేనండి. ఇప్పుడు తెలిసింది. తెలిసి పెట్టడానికి వెళుతున్నాను.”

“నేను మాటిచ్చేను, ఉమా.”

“నేను నూనె పెట్టేను.”

ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఆయన కళ్ళలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. అది చూస్తే ఆవిడకి జాలి వేసింది. ఈయన చెడ్డవాడు కాడు. ఇచ్చిన మాట తప్పితే అన్నం సయించని మనిషి. ఆ మాట తనని అడిగి ఇవ్వలేదంతే.

మంచం మీంచి వీరాయమ్మ గారు కళ్ళు తెరవకుండానే, పాపిట్లో పెట్టింది నిజమేరా, నేను చూసేను అంది. తర్వాత కాస్త ఆగి, వచ్చినవాళ్ళకి ఎవరన్నా కాఫీ ఇచ్చేరా, లేకపోతే మీ ఇద్దరి మాటలే పోసేరా అని అడిగింది.

ఎవరూ ఇవ్వలేదు. సూర్యప్రకాష్ కండువా దులిపి భుజం మీద వేసుకుని, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని బయటికి నడిచాడు. బోరా గారి ముందు ఒక్క క్షణం ఆగి నమస్కారం పెట్టాడు. అనిల్ తండ్రి వెనకే వెళ్ళి కారెక్కాడు.

ఉమాదేవి కాఫీ కలిపి ఇచ్చింది. వాళ్ళు తాగేదాకా కూర్చుంది. తర్వాత, నన్ను మీ కార్లో తాటిపాక తీసుకెళ్ళండి, ఒకసారి జూరిని చూడాలి అంది. బోరా గారు కంచు పళ్ళెం మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నారు. అందులోని తాంబూలం పుచ్చుకోవాల్సిన పెళ్ళికొడుకు తండ్రి అప్పటికి ఆ ఇంట్లో లేడు.

రాజోలు వెళ్ళాలన్నా తాటిపాక మీదుగానే వెళ్ళాలి. సూర్యప్రకాష్ కారు దారిలో పెట్రోలుకి ఆగినట్టుంది. వైనతేయ పాయ మీది వంతెన దగ్గర ముందు కనిపించింది. వెనక అద్దంలోంచి ఆయన తల కూడా కనిపించింది. ఆ తల వెనక్కి తిరగలేదు. తాటిపాకలో ఆ కారు తిన్నగా పోయింది. ఉమాదేవి ఎక్కిన కారు క్వార్టర్స్ వైపు తిరిగింది. ముప్ఫయ్యేళ్ళలో వాళ్ళు ఒకే రోడ్డు మీద వేరువేరు కార్లలో వెళ్ళడం అదే మొదటిసారి.

క్వార్టరు నిండా అట్టపెట్టెలు. గోడలకి మేకులు మిగిలాయి, పటాలు లేవు. జూరి ఒక పెట్టెకి టేపు అంటిస్తూ తలెత్తి చూసింది. తల్లీతండ్రీ వెనక ఉమాదేవిని చూసి లేచి నిలబడింది. రండి ఆంటీ గారూ అంది. గోదావరి జిల్లాలో చదువుకున్న పిల్ల, ఆంటీకి కూడా గారు చేర్చకుండా పిలవదు.

ఉమాదేవి సంచిలోంచి నూనె సీసా తీసి కిటికీలో పెట్టింది. పక్కన భరిణె పెట్టింది. కింద చాప వేసి కూర్చోమంది. జూరి ఆ రెండింటినీ చూసింది, తండ్రి చేతిలో అలాగే తిరిగొచ్చిన కంచు పళ్ళేన్నీ చూసింది. ఏమీ అడక్కుండా వచ్చి కూర్చుంది. ఉమాదేవి జడ విప్పింది. చిక్కులు తీసింది. అరచేతిలో నూనె పోసుకుంది.

జూరి వెనక్కి తిరిగి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

“ఆ రోజు మీకు తెలీదని నాకు తెలుసు,” అంది. “అమ్మకి చెప్పాల్సింది. మీ చెయ్యి బాగుందనిపించింది. అందుకని చెప్పలేదు. తప్పు నాది కూడా.”

“ఇప్పుడు నాకు తెలుసు కదమ్మా.”

“మామయ్య గారికి?”

ఉమాదేవి చేతిలో నూనె వేళ్ళ సందుల్లోంచి చాప మీదికి కారుతోంది.

“ఆయన ఈ గుమ్మంలో ఉంటేనే పెట్టించుకుంటాను, అత్తయ్య గారూ. దొంగచాటుగా ఒకసారి పెట్టించుకున్నాను. చాలు.”

ఆ పిలుపుకి ఉమాదేవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. తను ఇల్లు దాటి, మొగుణ్ణి కాదని వస్తే, ఈ పిల్ల షరతులు పెడుతోంది. కానీ ఆ షరతు న్యాయమైంది. ఇలాంటి పిల్లని ఏరుకుంది తనే, ఎవర్నని ఏం లాభం?

చేతిలో నూనె తన జుట్టుకే రాసుకుని, చెయ్యి తుడుచుకుని, భర్తకి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు. వెనక ఎవరివో గ్లాసుల చప్పుళ్ళు.

ఉమాదేవి జరిగింది చెప్పి, ఒకసారి ఇటు రమ్మంది.  అవతల సూర్యప్రకాష్ గొంతు వినిపించింది. అందులో పొద్దుటి మర్యాద లేదు.

“నీ కొడుకు గుమ్మంలోనే ఆ పెద్దమనిషి చేతులు పట్టుకుని చెప్పేసేడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బాబూ, వండినవన్నా తినెళ్ళండి అన్నారు. ఇప్పుడు ఈయన పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, ఆ గుమ్మంలోకి వచ్చి నవ్వుతూ నిలబడమంటావా? నేను రాను, ఉమా. అరిచి చెప్పట్లేదు. రాను.”

ఆయన ఫోన్ పెట్టేశాడు.

గదిలో అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. రూనూకి మాట అర్థం కాకపోయినా ముఖం అర్థమైంది. బోరా గారు కంచు పళ్ళేన్ని ఒక అట్టపెట్టె మీద దింపారు. దాన్ని ఆ పెట్టెలో సర్దేయాలో, పైనే ఉంచాలో ఆయనకి తెలియలేదు. జూరి జుట్టు అలాగే విరబోసుకుని చాప మీద ఉంది.

ఉమాదేవి నూనె సీసాకి మూత బిగించింది. దాన్ని సంచిలో పెట్టలేదు, కిటికీలోనే ఉంచింది. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది. ఆయన రానని చెప్పాడు గానీ, తను లేస్తానని ఎవరికీ చెప్పలేదు. గోడకి చేరగిలబడి, కాళ్ళు చాపుకుంది.

“అమ్మా జూరీ,” అంది. “దిళ్ళు సర్దేసేరా? నాకొకటి తీసి ఇటు ఇయ్యి.”